నాలుగడుగుల తొట్టెలో అరోవానా ఎన్నాళ్లు?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. మా అబ్బాయికి పదో తరగతిలో మంచి మార్కులు వస్తే కొనిపెడతానని మావారు మాట ఇచ్చారు. ఆ ప్రకారం నాలుగు నెలల కిందట ఆక్వేరియం వచ్చింది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అందులో రెండు ఆస్కార్లు, ఒక సిల్వర్ అరోవానా, ఒక రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్, ఒక సక్కర్ చేప, పన్నెండు నియాన్ టెట్రాలు వేశారు. అప్పుడు అన్నీ వేలెడంతే. ఇప్పుడు టెట్రాల్లో ఒక్కటీ లేదు, చచ్చిన ఆనవాలూ లేదు. అరోవానా జానెడు దాటింది. చేప తొట్టెను బట్టే పెరుగుతుంది, భయం లేదని అమ్మినాయన చెప్పారు. మావారు ప్రతి ఆదివారం నీళ్లన్నీ తీసేసి, రాళ్లు, ఫిల్టరు సబ్బుతో కడిగి కొత్త నీళ్లు పోస్తారు. అయినా మంగళవారానికల్లా చేపలు మూలకు చేరి నీరసంగా ఉంటాయి. అబ్బాయి ఫ్లవర్‌హార్న్ కూడా కావాలంటున్నాడు. చేప చచ్చిపోతే ఇంటి దిష్టి పోయినట్టేనని మా అత్తగారు అంటారు. మరీ పెద్దవైతే బందరు కాలువలో వదిలేద్దామని మావారి ఆలోచన. ఈ తొట్టె సరిపోతుందా? ఏ చేపలను కలిపి ఉంచాలి? ఇంకొక చిన్న సందేహం. నేను వంటింట్లోంచి బయటికి రాగానే ఆస్కార్లు అద్దం దగ్గరికి వచ్చి ఒళ్లంతా ఊపుతాయి. నన్ను గుర్తుపడుతున్నాయా?

సమాధానం: అమ్మా, ముందు టెట్రాల సంగతి తేల్చేద్దాం. వాటికి ఏ రోగమూ రాలేదు. పగలు ఆస్కార్లు, దీపం ఆర్పాక రెడ్ టెయిల్ వంతులు వేసుకుని తినేశాయి. అంగుళన్నర టెట్రా వాటికి మనకు మరమరాల లాంటిది. అందులో వాటి తప్పేమీ లేదు. వేట చేపల లోకంలో నోట్లో పట్టేది మేత, పట్టనిది పొరుగు.

ఈ లెక్క మాత్రమే చూసుకుని నేనొకసారి బోల్తా పడ్డాను. చాలా ఏళ్ల కిందట గుంటూరు బ్రాడీపేటలో అద్దెకు ఉన్నప్పుడు నా ఆస్కార్ తొట్టెలో సరదాగా ఒక చిన్న జెల్లను వేశాను. ఆస్కార్ దాన్ని మింగబోయింది. జెల్ల తన పక్క ముళ్లు విప్పుకుంది. పొద్దున్నే లేచి చూస్తే ఆస్కార్ నోరు మూసుకోలేక, జెల్ల బయటికి రాలేక రెండూ చచ్చి ఉన్నాయి. జెల్ల జాతి చేపలకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి గట్టి ముల్లు ఉంటాయని వంటింట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తొట్టె దగ్గర మాత్రం గుర్తు రాలేదు. కాబట్టి నోట్లో పట్టేంత చేపనూ వేయకూడదు, పట్టీ పట్టనట్టుండే ముళ్ల చేపనూ వేయకూడదు.

ఇక తొట్టెను బట్టి పెరుగుతుందన్న మాట. ఈ మాటకు కాళ్లొచ్చి రాష్ట్రమంతా తిరుగుతోంది. ఇరుకు తొట్టెలో నీళ్లు తొందరగా చెడిపోతాయి, చెడిన నీళ్లలో చేప ఎదుగుదల కుంటుపడుతుంది, వెన్ను వంకర పోవచ్చు, పదేళ్లు బతకాల్సిన ప్రాణి రెండేళ్లకే పోతుంది. అమ్మినాయన దీన్నే సర్దుకుపోవడం అంటున్నారు.

మీ తొట్టెలో ఉన్నవి పెద్దయితే ఎంతవుతాయో విడివిడిగా చూడండి. ఆస్కార్ అడుగు పైచిలుకు పెరుగుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. సక్కర్ చేప అడుగున్నర దాకా వెళ్తుంది. సిల్వర్ అరోవానా మూడడుగుల చేప. అమెజాన్ అడవుల్లో వరద నీటి మీద తేలుతూ, పైన కొమ్మల మీది పురుగుల కోసం ఎగిరి దూకుతుంది. అక్కడి వాళ్లు దాన్ని నీటి కోతి అంటారు. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ కూడా అమెజాన్‌దే. మూడు అంగుళాలప్పుడు తెల్లటి పొట్ట, ఎర్రటి తోక, పొడుగాటి మీసాలతో ఎంత ముద్దుగా ఉంటుందో నాకు తెలుసు. సరిగ్గా మేపితే ఏడాదిలోపే అడుగు దాటుతుంది. ఆ తర్వాత మూడడుగులు, నాలుగడుగులు. మీ తొట్టె పొడవే నాలుగడుగులు. పైగా దానికి అందిందల్లా మింగే అలవాటు ఉంది. గులకరాళ్లు, గాలి బుడగల రాయి, చివరికి పక్కన నిద్రపోతున్న అరోవానాను కూడా వదలదు. మీ హాలు మొత్తాన్ని తొట్టెగా మార్చినా ఆ చేపకు న్యాయం జరగదు. ఇళ్లకు అమ్మకూడని చేప అది. ఎవరు అమ్మినా నేను ఈ మాటే చెబుతాను.

అందుకని నా సలహా మొదటి భాగం కటువుగానే ఉంటుంది: రెడ్ టెయిల్‌ను ఈ నెలలోనే తిరిగి ఇచ్చేయండి. డబ్బు వెనక్కి అడగకుండా ఇస్తే సాధారణంగా దుకాణం వాళ్లు తీసుకుంటారు. జానెడు ఉన్నప్పుడు అడిగేవాళ్లు ఉంటారు. రెండడుగులయ్యాక ఎవరూ ఉండరు. అరోవానాకు ఇంకొక ఆరునెలలు గడువు ఇవ్వవచ్చు, అంతకు మించి కాదు.

అరోవానా గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం తొట్టె వెడల్పు. మనవాళ్లు ఆక్వేరియం కొనేటప్పుడు పొడవు చూస్తారు, అందం కోసం ఎత్తు చూస్తారు. వెడల్పు గురించి అడిగేవాళ్లు నూటికి ఒకరు. చేప ముందుకు ఈదుతుంది సరే, చివరికి వెళ్లాక వెనక్కి తిరగాలి కదా. మూడడుగుల చేప అడుగున్నర వెడల్పులో తిరగాలంటే ప్రతిసారీ ఒళ్లు విల్లులా వంచాలి, మూతి అద్దానికి రాసుకోవాలి. బ్యారేజీ మీద లారీ వెనక్కి తిప్పబోయే డ్రైవరు తిప్పలే. అరోవానాకు మూడడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు తక్కువలో తక్కువ. అంటే 60 ఘనపు అడుగులు, దాదాపు 1700 లీటర్లు. మూడో అంతస్తులో అది కుదరదు. ఎందుకు కుదరదో చెబుతాను.

ఒక ఘనపు అడుగు అంటే 28 లీటర్ల పైన. ఇప్పుడున్న తొట్టెలో తొమ్మిది ఘనపు అడుగులు, అంటే సుమారు 255 లీటర్లు. ఒక్క ఆస్కార్‌కు ఇది ఎలాగోలా చాలుతుంది. రెండింటికీ కలిపి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు కావాలి. అది 680 లీటర్లు. నీళ్లే 680 కిలోలైతే, 12 మిల్లీమీటర్ల అద్దం, ఇనుప స్టాండు, రాళ్లు కలిపి 900 కిలోల దగ్గర తేలుతుంది. ఇదంతా ఒక చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ చోటు మీద పడే బరువు. ఇళ్లలో గది నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడకపు బరువు మోసేలా కట్టాలని మన దేశపు నిర్మాణ ప్రమాణం చెబుతుంది. అంటే నాలుగింతలు. అరోవానా తొట్టెలోనైతే నీళ్లే 1700 కిలోలు, మూడో అంతస్తులో కుదరదన్నది అందుకే. ఇక ఆస్కార్ల తొట్టె గురించి భయపడమని కాదు. హాలు మధ్యలో కాకుండా, కింద దూలం ఉన్న గోడ వారగా పెడితే చాలా ఇళ్లలో ఇబ్బంది ఉండదు. కానీ మీ ఇంట్లో దూలం ఎక్కడుందో నాకు తెలియదు, మీకూ తెలియకపోవచ్చు. కొత్త తొట్టెకు బయానా ఇచ్చే ముందు ఒక ఇంజనీరుకు చూపించండి. ఎంత ఫీజు తీసుకున్నా కింది వాళ్ల ఇంటి స్లాబు కంటే చవకే.

ఇప్పుడు ఆదివారం స్నానం సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. మీ వారు శుభ్రత కోసం పడుతున్న కష్టమే చేపలను నీరసపరుస్తోంది. చేప ఊపిరి తీసేటప్పుడు మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. అది దానికే విషం. ఫిల్టరు స్పాంజిలో, రాళ్ల మీద కంటికి కనిపించని బాక్టీరియా ఇల్లు కట్టుకుని ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ వారు ప్రతి ఏడో రోజునా దాన్ని సబ్బుతో కడిగేస్తున్నారు. సోమవారం నుంచి అమ్మోనియా పేరుకుంటుంది, మంగళవారం చేపలు మూలకు చేరతాయి. పాపం, ఆయన అది మురికి వల్ల అనుకుని వచ్చే ఆదివారం ఇంకాస్త గట్టిగా కడుగుతారు.

సబ్బు తొట్టె దగ్గరికి రానివ్వకండి, ఎప్పటికీ. వారానికోసారి మూడో వంతు నీళ్లు పైపుతో తీసి, అంతే నీళ్లు పోయండి. స్పాంజి మురికైతే, తీసిన ఆ తొట్టె నీళ్లలోనే ముంచి నాలుగుసార్లు పిండండి. కుళాయి కింద పెట్టకండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది బాక్టీరియానూ చంపుతుంది, మొప్పలనూ కాలుస్తుంది. కొత్త నీళ్లలో ముందుగా హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ కలపండి. ఆక్వేరియం దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరుకుతుంది. లేదంటే వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా గాలికి ఉంచండి. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించే చుక్కల మందు పెట్టె ఒకటి కొనండి. రెండూ సున్నా చూపించాలి. అబ్బాయికి ఈ పని అప్పగించండి. రసాయన శాస్త్రం పుస్తకంలో కంటే ఇక్కడ బాగా ఒంటబడుతుంది.

విజయవాడ ఎండ గురించి నేను మీకు చెప్పేదేముంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల పైన ఉండేది 35 డిగ్రీల దగ్గర ఏడుకు దిగుతుంది. అదే వేడికి అమ్మోనియా విషం పెరుగుతుంది. మే నెలలో మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం ముట్టుకుంటే చేయి కాలుతుంది. కాబట్టి నీళ్లు మార్చడం తెల్లవారుజామునే. తొట్టె పడమటి కిటికీ పక్కన ఉంటే జరిపేయండి. అవసరమైతే నీటి మట్టం మీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. మంచుగడ్డలు నేరుగా వేయకండి. హీటరు మాటంటారా, మన ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రులకు తప్ప దానికి పని ఉండదు.

వేడి కంటే తొందరగా ప్రాణం తీసేది కరెంటు పోవడం. బ్యాటరీతో నడిచే ఆక్సిజన్ మోటారు ఒకటి ఇంట్లో ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నప్పుడు, నాకు తెలిసిన ఒక ఇంట్లో మొదటి అంతస్తులో ఐదేళ్లు పెంచిన ఆస్కార్ రెండో రాత్రికే పోయింది. కింద వీధి నిండా నీళ్లు, పైన తొట్టెలో ఊపిరాడదు. వాళ్ల కష్టాల్లో అది చిన్నదే, కానీ ఆ ఇంటి పిల్ల దాని గురించే ఏడ్చిందట. అది వరద రోజుల సంగతి, సరే. మామూలుగా గంటో రెండు గంటలో కరెంటు పోయినా ఇరుకు తొట్టెలో పెద్ద చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

తోడు చేపల విషయానికొస్తే, ఆరడుగుల తొట్టెలో మీ రెండు ఆస్కార్లు, ఆ సక్కర్ చేప ఉంటాయి. వాటితో ఐదారు సిల్వర్ డాలర్లు వేయవచ్చు. పళ్లెంలా గుండ్రంగా, ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఆస్కార్ నోట్లో పట్టవు. అరచేయంత పెరిగే శాకాహారులు, గుంపుగా తిరుగుతాయి. మూడంగుళాలు దాటినవే కొనండి. మొక్కలు మాత్రం వేయకండి, సిల్వర్ డాలర్లు తినేస్తాయి, అవి వదిలినవి ఆస్కార్లు పెకలిస్తాయి. అంతే. ఇంకేమీ వద్దు. ఆస్కార్లలో ఆడ మగ బయటికి చూసి చెప్పలేం. పెద్దయ్యాక రెండింటికీ పడకపోతే మధ్యలో అడ్డు అద్దం పెట్టేందుకు వీలుగా తొట్టె చేయించుకోండి. సక్కర్ చేప మిగతావాటి మలం తింటుందన్నది అపోహ. తినదు సరికదా, అదే అందరికంటే ఎక్కువ వదులుతుంది. ఆకలేస్తే రాత్రిపూట ఆస్కార్ ఒంటి జిగురును గీకుతుంది కూడా. దానికి దోసకాయ ముక్కో, ఉడికించిన గుమ్మడి ముక్కో విడిగా వేయండి.

ఫ్లవర్‌హార్న్ 1990లలో మలేసియాలో మనుషులు కలిపి పుట్టించిన సంకర జాతి. నెత్తి మీద బొడిపె ఎంత పెద్దదో కోపం అంత పెద్దది. ఒంటరిగా ఉంచాల్సిన చేప. అబ్బాయికి అదే కావాలంటే, ఆస్కార్లు ఆరడుగుల తొట్టెకు మారాక ఖాళీ అయ్యే పాత తొట్టె దానికి సరిపోతుంది. కొననా వద్దా అన్నది మీ ఇంటి పంచాయితీ.

ఈసారి దుకాణానికి వెళ్తే అబ్బాయి కళ్లు ఇంకో రెండు చేపల మీద పడతాయి. ఒకటి షార్క్ పేరుతో అమ్మే బూడిద రంగు చేప, ఇంకొకటి పిరానా పేరుతో అమ్మే ఎర్ర పొట్ట చేప. మొదటిది మన చేపల బజారులో దొరికే పంగస్. రెండోది చాలాసార్లు రూప్‌చంద్. రెండింటినీ మన కృష్ణా జిల్లా చెరువుల్లోనే టన్నుల లెక్కన పెంచుతారు. పంగస్ బెదిరితే అద్దానికి మూతి పగలగొట్టుకుంటుంది. రెండూ కిలోల్లో పెరుగుతాయి. పులుసులో మీకు పరిచయమైన చేపలను తొట్టెలోకి తెచ్చుకోకండి. ఎర్రటి ఆసియా అరోవానా ఇస్తామని ఎవరైనా అంటే ఇంకా జాగ్రత్త. అది అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్న జాతి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అలాంటి జీవులను ఇంట్లో ఉంచుకునేవారు నమోదు చేయించుకోవాల్సి ఉంటుంది.

మేత విషయం క్లుప్తంగా. ప్రధానంగా గుళికల మేత. వారానికి రెండుసార్లు పొట్టు తీసిన రొయ్య ముక్కలు, అప్పుడప్పుడు వానపాములు. కోడి మాంసం, మటను వద్దు, ఆ కొవ్వు చేపకు అరగదు. బతికున్న గోల్డ్‌ఫిష్‌లను వేసి వేట చూసే సరదా కొన్ని ఇళ్లలో ఉంది. వాటితో రోగాలు వస్తాయి, పైగా గోల్డ్‌ఫిష్ ఒంట్లో బి1 విటమిన్‌ను విరిచేసే పదార్థం ఉంటుంది. పాత నీళ్లు, ఒకే రకం మేత కలిస్తే ఆస్కార్లకు తల మీద గుంటలు పడే జబ్బు వస్తుంది. ఆ గుంటలు కనిపిస్తే మందు కొనే ముందు నీళ్లు మార్చండి.

అరోవానా ఇంట్లో ఉన్న ఈ కొద్ది నెలలూ మూత మీద బరువు పెట్టండి. పైపు కోసం వదిలిన సందు కూడా స్పాంజితో మూయండి. అరచేయంత సందులోంచి దూకి సోఫా కింద ఎండిపోయిన అరోవానాను నేను స్వయంగా ఊడ్చి తీశాను.

బందరు కాలువ మాట మీ వారు మళ్లీ ఎత్తితే ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి. ఉత్తర అమెరికా నదుల్లో ఉండాల్సిన ఎలిగేటర్ గార్ 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో దొరికింది. అది అక్కడికి ఈదుకుంటూ రాలేదు. ఎవరో మీ వారి లాంటి మంచి మనిషే, చంపడానికి చేతులు రాక వదిలి ఉంటారు. మన దగ్గర వలల్లో పడుతున్న సక్కర్ చేపలూ అలా వచ్చినవే. వాటిని దెయ్యం చేపలంటున్నారు, గరుకు ఒళ్లు తగిలి వల చిరిగితే ఆ రోజు కూలి పోయినట్టే. బందరు కాలువైనా, ఏలూరు కాలువైనా, రైవస్ కాలువైనా డెల్టా చెరువులన్నిటికీ అదే నీళ్లు. అరోవానాకు చోటు దొరక్కపోతే పెద్ద తొట్టె ఉన్న హోటలువాళ్లనో, చెరువు తొట్టెలు కట్టుకున్న పెంపకందార్లనో అడగండి. దుకాణం వాళ్లకు వాళ్ల ఆచూకీ తెలుసు.

మీ అత్తగారితో వాదించకండి. దిష్టి తీసుకుపోయిందనుకున్న చేపల్లో చాలావాటిని అమ్మోనియా తీసుకుపోయిందన్నది నా అనుభవం, అంతే. ఆవిడకు పొద్దుటి మేత బాధ్యత ఇచ్చి చూడండి. చిటికెడు మాత్రమే వేయాలని మాట తీసుకుని మరీ ఇవ్వండి.

ఇక ఆస్కార్లు. గుర్తుపడుతున్నాయి అమ్మా. మేత పెట్టే మనిషి ఎవరో వాటికి బాగా తెలుసు. కొత్తవాళ్లు వస్తే రాళ్ల వెనక్కి పోయే ఆస్కార్, అన్నం పెట్టే చేయి కనబడితే అద్దానికి అతుక్కుపోతుంది. ఉత్తరంలో మీరు రాయలేదు గానీ, అబ్బాయి ఆక్వేరియానికి మేత వేస్తున్నది ఎవరో నాకు అర్థమైపోయింది.